హెల్సింకీ నుంచి జకార్తా వరకు: సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం

1952 జులై 15న ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో జరిగిన ఒలింపిక్ పోటీలో భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో ఓడిపోయింది. విరామ సమయానికే ఐదు గోల్స్ వెనుకబడి ఉంది. ఆట ముగియవస్తుండగా అహ్మద్ ఖాన్ చేసిన ఒక్క గోలే దక్కింది. అంతకు పదహారు నెలల ముందు ఢిల్లీలో ఆసియా విజేతగా నిలిచిన జట్టు ఇది. ఒక్క మ్యాచ్‌తోనే ఇంటిముఖం పట్టింది. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు. ఆ ఓటమిని ఆయన ఏ విధంగా అర్థం చేసుకున్నారు, దాన్ని ఏ విధంగా దిద్దుకున్నారు అన్నదే ఆయన మిగిలిన పదకొండేళ్ళ జీవితకథ.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఆనాడు హైదరాబాదు నిజాం సంస్థానానికి రాజధాని. కమలనగర్, ఔరాద్, భాల్కి పల్లెలన్నీ ఆ సంస్థానంలోనివే. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న ఉదగీర్, నీలంగ, అహ్మద్‌పూర్ తాలూకాలు, తెలంగాణలో ఉన్న జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు 1956 దాకా బీదర్ జిల్లాలోనే ఉండేవి. నేడు మూడు రాష్ట్రాలకు చెందిన ఈ ఊళ్ళన్నింటికీ అప్పట్లో పెద్ద చదువైనా, పెద్ద కచేరీ అయినా, పెద్ద ఆట అయినా హైదరాబాదే. కనుక రహీం కథ కమలనగర్ పరిసరాలవారికి పొరుగు రాష్ట్రపు కథ కాదు. వారి తాతముత్తాతల రాజధానిలో నడిచిన కథ.

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పుతున్న ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. నగరంలో పేరున్న కమర్ క్లబ్‌కూ ఆడారు. చదువు పూర్తయిన తరువాత ఉపాధ్యాయ వృత్తిలో చేరి కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడులలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది బడిపిల్లల ఆటల బాధ్యతను తీసుకున్నారు. ఆటగాడిగా ఆయనకు దేశవ్యాప్త కీర్తి రాలేదు. ఆయన గొప్పతనం నేర్పడంలో ఉంది. రహీంను అర్థం చేసుకోవాలంటే ఆయన మొదట ఉపాధ్యాయుడు, ఆ తరువాతే శిక్షకుడు అన్న సంగతిని మరువరాదు. తరగతిలో వెనుకబడిన పిల్లవానిని దండించడానికి ముందు వాడికి ఏ అక్షరం రాలేదో చూసే పంతుళ్ళు కొందరుంటారు. రహీం ఆ కోవకు చెందినవారు.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. మరణించేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆ ఇరవై ఏళ్ళలో నగరంలోని మైదానాలన్నీ ఆయనకు బడులే. ఆనాటి భారతీయ ఆటగాళ్ళకు బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకుని, ఇద్దరు ముగ్గురిని తప్పించుకుపోయి చప్పట్లు కొట్టించుకోవడం మహా ఇష్టం. చూసేవారికీ అదే వినోదం. రహీం ఈ అలవాటును ఉపన్యాసాలతో మాన్పించలేదు. డ్రిబ్లింగ్ చేయరాదన్న నియమంతో ప్రత్యేక పోటీలు పెట్టారు. బంతి అందగానే తోటివానికి ఇవ్వవలసిందే. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోనే, ఎడమకాలి వాటం ఉన్నవారు కుడికాలితోనే ఆడవలసిన పోటీలు కూడా నిర్వహించారు. తప్పు చేయవద్దని చెప్పడం కంటే తప్పు చేసేందుకు వీలులేని ఆటను కల్పించి ఆడించడం మేలని ఆయన పద్ధతి. పిల్లలకు వేరుగా పోటీలు పెట్టి, పేద పేటల నుంచి వచ్చిన కుర్రవాళ్ళను అక్కడే గుర్తించేవారు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతిలో రూపుదిద్దుకుంది. సంస్థానం భారతదేశంలో విలీనమై రెండేళ్ళు మాత్రమే గడిచింది. 1950లో ఈ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ కప్పును 1954 దాకా వరుసగా ఐదేళ్ళు మరొకరికి వదలలేదు. అదే 1950లో, స్వాతంత్ర్యం తరువాత మొదటిసారిగా జరిగిన డ్యూరాండ్ కప్పులో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి విజేతగా నిలిచింది. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే రోజులవి. దక్కను నుంచి వచ్చిన పోలీసు ఉద్యోగుల జట్టు ఆ భావాన్ని తారుమారు చేసింది.

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్‌లో సాహు మేవాలాల్ చేసిన గోలుతో భారత్ ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణ పతకం పొందింది. శైలేన్ మన్నా నాయకుడు. దేశం సంబరపడింది. ఆ సంబరం మీదనే జట్టు హెల్సింకీకి వెళ్ళింది.

హెల్సింకీ పరాజయానికి ప్రజలు వెంటనే ఒక కారణం కనుగొన్నారు. మనవాళ్ళు వట్టి కాళ్ళతో ఆడారు, వాళ్ళు బూట్లు వేసుకున్నారు. ఈ మాటలో నిజం ఉంది. భారత జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఫిన్లండ్ చలిలో, తడి గడ్డి మీద కాలు నిలవలేదు. ఆ తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. అయితే పది గోల్స్‌కు బూట్లు ఒక్కటే కారణమని చెప్పడం తేలికైన సమాధానం. నాలుగేళ్ళ ముందు, 1948లో లండన్ ఒలింపిక్స్‌లో, ఇదే విధంగా వట్టి కాళ్ళతో ఆడిన జట్టు ఫ్రాన్స్ చేతిలో 1–2తో మాత్రమే ఓడింది. అదీ రెండు పెనాల్టీలను చేజార్చుకుని.

అసలు లోపాలు లోతుగా ఉన్నాయి. అప్పట్లో దేశంలోని పోటీలలో ఆట సాధారణంగా డెబ్బై నిమిషాలు సాగేది. ఒలింపిక్స్‌లో తొంభై నిమిషాలు ఆడాలి. డెబ్బై నిమిషాలకు అలవాటుపడిన శరీరం చివరి ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి తెస్తుంది? ఎద్దుకు ఎంత మేత వేస్తే అంత దుక్కి. ఇది సేద్యం ఎరిగినవారికి వేరే చెప్పనవసరం లేదు. రెండవది రక్షణ వ్యూహం. ఐరోపా జట్లు ముగ్గురు బ్యాకులతో ఆడే పద్ధతికి ఎప్పుడో మారాయి. భారత జట్లు ఇద్దరు బ్యాకులతో ఆడే పాత పద్ధతిని వదలలేదు. యుగోస్లావియా జట్టు మామూలు జట్టు కాదు. ఆ ఒలింపిక్స్‌లో రజత పతకం పొందింది. జెబెక్, మితిచ్, వుకాస్ వంటి దాడి ఆటగాళ్ళు ముందుండగా వెనుక ఇద్దరే నిలబడితే ఏమవుతుందో ఆ రోజు తేలిపోయింది. జెబెక్ ఒక్కడే నాలుగు గోల్స్ చేశాడు. మూడవది అనుభవం. ఆసియా విజేత కావడానికీ, ఐరోపా జట్టును ఎదుర్కోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో కొలిచి చూసుకునే అవకాశం జట్టుకు అంతవరకూ రాలేదు.

ఇక్కడ 1950 ప్రపంచ కప్పు ముచ్చటను కూడా తేల్చుకోవాలి. బ్రెజిల్‌లో జరిగిన ఆ పోటీలకు భారత్ అర్హత పొందింది. మిగిలిన ఆసియా జట్లు తప్పుకోవడంవల్ల ఆ అర్హత ఆడకుండానే లభించింది. చివరకు భారత్ వెళ్ళలేదు. వట్టి కాళ్ళతో ఆడనివ్వలేదు కనుకనే వెళ్ళలేదన్న కథ ఊరూరా ప్రచారంలో ఉంది. అది నమ్మదగినది కాదు. ఆనాటి నిర్వాహకులకు ఒలింపిక్స్ మీద ఉన్న గౌరవం ప్రపంచ కప్పు మీద లేదు. సుదూర సముద్రయానం, సన్నాహం లేకపోవడం వంటివి దానికి తోడయ్యాయి. పెద్ద జట్లతో ఆడి ఓడిపోయే అవకాశం కూడా చేజారింది. ఆ ఓటమి 1950లోనే వచ్చి ఉంటే హెల్సింకీకి మెరుగైన సన్నాహం జరిగి ఉండేదేమో.

హెల్సింకీలో స్వర్ణ పతకం హంగరీది. పుష్కాష్, హిదెగ్కుటి ఉన్న ఆ జట్టు ఫుట్‌బాల్‌ను కొత్తగా ఆడింది. ముందు వరుస మధ్యలో నిలబడవలసిన ఆటగాడు వెనక్కు వచ్చి బంతిని అందుకునేవాడు. అతనికి కాపలా ఉన్న ఎదుటి బ్యాకు వెంట రావాలో, అక్కడే ఉండాలో తెలియక తికమకపడేవాడు. ఆ ఖాళీలోకి ఇతరులు దూసుకుపోయేవారు. రహీం ఈ పద్ధతిని వంటబట్టించుకుని తన జట్లలో ప్రయోగించారు. రక్షణలో మూడవ బ్యాకును నిలిపారు. బంతిని ఒకటి రెండు తాకిళ్ళలోనే వదలడం, తొంభై నిమిషాలూ పరుగెత్తడం నేర్పారు. చెప్పడానికి నాలుగు మాటలే. ఆచరణలో అది నాలుగేళ్ళు పట్టింది. మధ్యలో 1954 మనీలా ఆసియా క్రీడల్లో భారత్ ఇండొనేషియా చేతిలో 0–4తో ఓడి తొలి దశలోనే వెనుదిరిగింది.

ఈ నాలుగేళ్ళ శ్రమ ఎలా సాగిందో తెలియడానికి తులసీదాస్ బలరాం ఉదంతం చాలు. బలరాం సికిందరాబాదు శివారులోని అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. అతని ఆట చూసిన రహీం, హైదరాబాదు జట్టు ఎంపిక శిక్షణకు రమ్మన్నారు. రోజూ అంతదూరం రావడానికి ఛార్జీలు లేవని బలరాం చెప్పాడు. రహీం అద్దె సైకిలుకు రోజుకు ఒక రూపాయి చొప్పున ఇచ్చి రప్పించుకున్నారు. ఆ సైకిలు కుర్రవాడే ఏడాది తిరిగేసరికి ఒలింపిక్ ఆటగాడయ్యాడు. దేశం చూసిన అత్యుత్తమ ఫార్వర్డులలో ఒకడిగా నిలిచాడు.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం అంతరించింది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో, మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలో, కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. కమలనగర్ మైసూరుకు, పక్కనున్న ఉదగీర్ బొంబాయికి, రైలులో కొన్ని స్టేషన్ల అవతలి జహీరాబాదు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. బంధుత్వాలు, పొలాలు, సంతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. సరిగ్గా నెల తరువాత, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాతో తలపడింది. బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫిఖారుద్దీన్ వంటి హైదరాబాదీలు అప్పటికి నెల రోజుల క్రితం లేకుండా పోయిన రాష్ట్రపు బిడ్డలు. ఆ రాష్ట్రపు పేరు మాత్రం మైదానంలో ఇంకా బ్రతికే ఉంది. 1956–57లోనూ, ఆ మరుసటి ఏడాదీ సంతోష్ ట్రోఫీని గెలిచిన జట్టు పేరు హైదరాబాదే.

మెల్‌బోర్న్‌లో మొదటి ప్రత్యర్థి హంగరీ. తమ దేశంలో సోవియట్ సైన్యం ప్రవేశించి అల్లకల్లోలంగా ఉన్న ఆ రోజుల్లో హంగరీ ఫుట్‌బాల్ జట్టు రాలేదు. భారత్ ఆడకుండానే ముందుకు సాగింది. ఆస్ట్రేలియాపై 4–2తో గెలిచింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసి ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియావాసి అయ్యాడు. నాలుగవ గోలు కిట్టుది. ఆ విధంగా ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం భారత్ అయింది. ఒక్క విజయంతోనే సెమీఫైనల్ చేరిందన్నది వాస్తవమే. అయితే ఆ సెమీఫైనల్‌లో ఎదురైన జట్టు ఏది? మళ్ళీ యుగోస్లావియాయే.

విరామం వరకు ఎవరూ గోలు చేయలేదు. రెండవ సగంలో ముందుగా గోలు చేసినది భారత్. చేసినవాడు నెవిల్. ఆ తరువాత కొద్ది నిమిషాల వ్యవధిలోనే యుగోస్లావియా రెండు గోల్స్ చేసి పైచేయి సాధించింది. చివరకు 4–1తో గెలిచింది. ఆ నాలుగింటిలో ఒకటి భారత ఆటగాడి కాలికి తగిలి సొంత గోలులో పడినది. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 0–3తో ఓడి భారత్ నాలుగవ స్థానంలో నిలిచింది. పతకం రాలేదు. అయినా అదే ప్రత్యర్థితో నాలుగేళ్ళ ముందు విరామానికే ఐదు గోల్స్ సమర్పించుకున్న జట్టు, ఈసారి ఆ సమయానికి సమానంగా నిలిచి తానే ముందంజ వేసింది. రహీం పనికి ఇంతకంటే స్పష్టమైన కొలత లేదు. లోపం ఎక్కడ మిగిలి ఉందో కూడా అదే మ్యాచ్ చూపింది. గోలు చేసిన వెంటనే జట్టు పట్టు సడలింది.

1958 టోక్యో ఆసియా క్రీడలకు రహీం శిక్షకుడుగా లేరు. భారత్ నాలుగవ స్థానంతో తిరిగివచ్చింది.

1960 రోమ్ ఒలింపిక్స్ నాటికి బాధ్యత మళ్ళీ రహీం చేతికి వచ్చింది. పి.కె. బెనర్జీ నాయకుడు. చునీ గోస్వామి, బలరాం అతనికి తోడు. అటువంటి ముందు వరుస భారత్‌కు మునుపు లేదు, తరువాతా రాలేదు అనేవారు చాలామంది. ఫలితాల పట్టికను మాత్రమే చూస్తే రోమ్ కూడా వైఫల్యమే. హంగరీ చేతిలో 1–2, ఫ్రాన్స్‌తో 1–1, పెరూ చేతిలో 1–3. గ్రూపులో చివరి స్థానం. అయితే పట్టిక అంతా చెప్పదు. అదే హంగరీ ఫ్రాన్స్‌ను 7–0తో, పెరూను 6–2తో చిత్తు చేసింది. అటువంటి జట్టును భారత్ ఒక్క గోలు తేడాకు నిలువరించింది. ఫ్రాన్స్‌పై బెనర్జీ గోలుతో ఆధిక్యం సాధించి, మరో ఎనిమిది నిమిషాలు ఉందనగా దాన్ని పోగొట్టుకుంది. వారం రోజుల్లో మూడు మ్యాచ్‌లు, మూడూ వేర్వేరు ఊళ్ళలో. పెరూతో ఆడేనాటికి కాళ్ళలో సత్తువ తగ్గింది. గ్రూపులో మొదటి స్థానం వచ్చినవారికే సెమీఫైనల్ దక్కే నియమం. కనుక ఫ్రాన్స్‌పై గెలిచినా ముందుకు పోవడం దుర్లభమే.

రోమ్ వెళ్ళిన జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. మూడు మ్యాచ్‌లలో ఒక్కదానిలోనూ అతనికి ఆడే అవకాశం రాలేదు. తండ్రి శిక్షకుడైతే కొడుకుకు జట్టులో చోటు ఖాయమనుకునే లోకంలో ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

1962 నాటికి రహీం శరీరంలో క్యాన్సర్ ప్రవేశించింది. ఆ అనారోగ్యంతోనే ఆయన జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకువెళ్ళారు. అక్కడి వాతావరణం ఆట కంటే రాజకీయంతో నిండి ఉంది. ఆతిథ్య దేశమైన ఇండొనేషియా ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదు. ఆసియా క్రీడల స్థాపకులలో ఒకరైన భారతీయుడు గురుదత్ సోంధీ దానిని తప్పుపట్టి, ఈ పోటీలను ఆసియా క్రీడలుగా పిలవరాదని ప్రతిపాదించారు. జకార్తాలో ఆగ్రహం పెల్లుబికింది. భారత రాయబార కార్యాలయం మీద గుంపులు దాడిచేశాయి. ఆ కోపం మైదానంలో ఆటగాళ్ళ మీదికి మళ్ళింది.

తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0–2తో భారత్ ఓడింది. హెల్సింకీ వంటి కథే మళ్ళీ మొదలైందని అనుకున్నవారు ఉండవచ్చు. తరువాత థాయ్‌లాండ్‌ను 4–1తో ఓడించినా ఆ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2–0తో గెలిచి సెమీఫైనల్‌కు వెళ్ళేసరికి జట్టులో సగం మంది గాయాలతోనో జ్వరాలతోనో ఉన్నారు. ఇక్కడే రహీం జీవితకాలపు అనుభవం పనికివచ్చింది. తలకు కట్టు ఉన్న జర్నైల్‌ను రక్షణ వరుస నుంచి తీసి దాడి వరుస మధ్యలో నిలిపారు. కళాశాల రోజుల్లో జర్నైల్ ముందు వరుసలో ఆడిన సంగతి ఆయనకు తెలుసు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనల్‌లో భారత్ 3–2తో గెలిచింది. చునీ గోస్వామి రెండు, జర్నైల్ ఒకటి చేశారు.

ఫైనల్‌కు ముందు రాత్రి ఆటగాళ్ళకు నిద్ర పట్టలేదు. రహీం వారిని వెంటబెట్టుకుని వీధిలో నడిపించారనీ, తనకు మరునాడు స్వర్ణ పతకం కానుకగా ఇవ్వమని అడిగారనీ ఆ ఆటగాళ్ళు ముసలితనంలో కూడా చెప్పుకునేవారు. ఆయన ఆరోగ్యం ఎటు పోతున్నదో వారిలో కొందరికైనా తెలిసే ఉంటుంది.

1962 సెప్టెంబరు 4. సెనాయన్ స్టేడియంలో లక్షమంది జనం. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా. జనమంతా కొరియా పక్షం. భారత జాతీయ గీతాన్ని కూడా కేకలతో ముంచెత్తారు. భారత్‌కు మద్దతుగా అరిచినవారు కొద్దిమంది మాత్రమే. వారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారు. హాకీ ఫైనల్‌లో భారత్‌ను ఓడించినది వారే. తొలి మ్యాచ్‌లకు జ్వరంవల్ల దూరమైన పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను రహీం తిరిగి గోలు ముందు నిలిపారు. ఎత్తుగా వచ్చే కొరియా బంతులకు ఆ పొడవు అవసరమని ఆయన లెక్క. కాలికి గాయమైన త్రిలోక్ సింగ్ కూడా ఆడాడు. 17వ నిమిషంలో బెనర్జీ, మూడు నిమిషాల తరువాత జర్నైల్ గోల్స్ చేశారు. మెల్‌బోర్న్‌లో గోలు చేయగానే సడలిన పట్టు ఈసారి సడలలేదు. ఐదు నిమిషాలు మిగిలి ఉండగా కొరియా ఒక గోలు చేయగలిగింది, అంతే. భారత్ 2–1తో గెలిచింది.

మొదటి మ్యాచ్‌లో తమను ఓడించిన జట్టునే పది రోజులు గడవకముందే ఓడించడం అదృష్టం కాదు. ఓటమిని తిట్టుకోకుండా చదువుకునే పద్ధతికి దక్కిన ఫలితం.

రహీం ఆ విజయాన్ని ఎక్కువకాలం అనుభవించలేదు. హైదరాబాదుకు వచ్చాక మంచం పట్టి 1963 జూన్ 11న కన్నుమూశారు. వయస్సు 53 సంవత్సరాలు.

ఆ తరువాత జరిగినది అందరికీ తెలిసినదే. 1964 టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీల్లో ఇరాన్ చేతిలో రెండు మ్యాచ్‌లూ ఓడి భారత్ బయటే ఉండిపోయింది. రోమ్ తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో పురుషుల జట్టు మళ్ళీ అడుగుపెట్టలేదు. 1964 ఆసియా కప్పులో ఇంగ్లండ్ శిక్షకుడు హ్యారీ రైట్ ఆధ్వర్యంలో రెండవ స్థానం వచ్చింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్, శిక్షకులలో ఒకరు పి.కె. బెనర్జీ. ఆ రెండూ రహీం నాటిన చెట్టు ఆలస్యంగా కాసిన కాయలే అనవచ్చు. స్వర్ణం మాత్రం జకార్తా తరువాత రాలేదు.

ఒక్క మనిషి పోతే ఆట పోయిందనడం సరికాదు. రహీం బ్రతికి ఉన్నా జపాన్, కొరియా, ఇరాన్ ఎదగక మానేవి కావు. దేశంలో తొంభై నిమిషాల ఆటకు పూర్తిగా మారడానికి 1970 దశకం రావలసివచ్చింది. ఆయన హెల్సింకీలో చూసిన లోపాన్ని నిర్వాహకులు చూడడానికి ఇరవై ఏళ్ళు పట్టిందన్నమాట. ఎడమకాలి పోటీలు, డ్రిబ్లింగ్ లేని పోటీలు హైదరాబాదు మైదానాల్లో జరిగాయి కాని దేశమంతటి బడులకూ చేరలేదు. ఒక పంతులు తెలుసుకున్న విద్య బడికి సొత్తు కాకుండా ఆయనతోనే మిగిలితే ఏమవుతుందో అదే అయింది. హైదరాబాదులోనూ ఆట క్షీణించింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత ఆ ట్రోఫీ తిరిగి ఆ వైపు రాలేదు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పల్లెల పిల్లలు కమలనగర్‌లో పుడితే కర్ణాటక జట్టుకు, ఉదగీర్‌లో పుడితే మహారాష్ట్ర జట్టుకు, జహీరాబాదులో పుడితే తెలంగాణ జట్టుకు పోటీపడాలి. ఒకే మైదానంలో ఒకే పంతులు కంటపడే అవకాశం వారికి 1956తోనే పోయింది.

2024 ఏప్రిల్‌లో రహీం జీవితం ఆధారంగా అజయ్ దేవ్‌గణ్ నటించిన మైదాన్ అనే హిందీ చిత్రం విడుదలైంది. సినిమాకు కావలసిన మలుపులు అందులో చేరాయి. అయినా అరవై ఏళ్ళుగా పత్రికల మూలల్లో మాత్రమే కనిపించిన పేరును ఈ తరం పిల్లలు ఆ చిత్రంవల్ల విన్నారు. అప్పటికే ఆయన శిష్యులు చాలామంది లేరు. సైకిలు అద్దెతో మొదలైన బలరాం 2023 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్‌లో మరణించాడు.

కుమారుడు హకీం వాయుసేనలో పనిచేసి స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు. అంతర్జాతీయ రెఫరీగా, శిక్షకుడిగా తండ్రి బాటలోనే నడిచారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొందారు. తండ్రికి దక్కవలసిన గుర్తింపు గురించి చివరిదాకా మాట్లాడుతూనే ఉన్నారు. చిత్రం విడుదలను చూడకుండానే 2021 ఆగస్టు 22న, 82 ఏళ్ళ వయస్సులో, బీదర్‌కు పొరుగునున్న కలబురగిలో ఒక ఆసుపత్రిలో తుదిశ్వాస విడిచారు.